రాత ఒకటి, పలుకు ఇంకొకటి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక ఇంగ్లీషు గురించే మాట్లాడమన్నారు కమిటీవారు. పది నిమిషాలే ఇచ్చారు. ఒకేలా కనబడి మనల్ని తికమక పెట్టే మాటల గురించి నాలుగు సంగతులు చెబుతాను. మనలో చాలామందిమి తెలుగు మీడియం వాళ్లమే. ఇంగ్లీషు మాటను చెవితో వినకముందే కంటితో చూసినవాళ్లం.

'లెడ్' అంటే సీసం, 'లీడ్' అంటే ముందుండి నడిపించడం. రెండింటికీ స్పెల్లింగు ఒకటే: ఎల్, ఇ, ఎ, డి. తమాషా ఏమిటంటే, నడిపించాడు అనడానికి కూడా 'లెడ్' అనే అంటాం, కాని రాసేటప్పుడు అందులో 'ఎ' ఉండదు. 'రీడ్'కి భూతకాలం 'రెడ్' అయినప్పుడు మాత్రం స్పెల్లింగు మారదు. ఇది చూసిన పిల్లవాడు 'లెడ్'లోనూ 'ఎ' పెడితే వాడు లెక్క ప్రకారమే వెళ్లినట్టు. మార్కు కోస్తాను గాని కోప్పడను.

'మినిట్' నిమిషం. అదే స్పెల్లింగును 'మైన్యూట్' అని పలికితే అతి సూక్ష్మం. 'టియర్' కన్నీటి బొట్టు, 'టేర్' చింపడం. ఎడారి 'డెజర్ట్', ఒక ఎస్. భోజనం చివర తినే తీపి 'డిజర్ట్', రెండు ఎస్‌లు. అక్కడితో ఆగితే బాగుండేది. విడిచి పారిపోవడం అనే క్రియ ఒకటుంది, దాని స్పెల్లింగు ఎడారిది, పలుకు తీపిది!

'స్టేషనరీ' దారి వేరు. పలుకు ఒకటే, రాత రెండు. చివర్లో 'ఎ' ఉంటే కదలకుండా ఉన్నదని, 'ఇ' ఉంటే కాగితాలు, కలాలు అని. ఎన్వలప్ 'ఇ'తో మొదలవుతుందని గుర్తు పెట్టుకోమంటాను పిల్లల్ని. నిజానికి రెండూ ఒక తల్లి బిడ్డలే. ఊరూరా తిరగకుండా ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ణి మధ్యయుగాల్లో స్టేషనర్ అన్నారు.

మన బడిలో చదివిన ఒక అమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లింది. మాటల్లో 'సబ్‌టిల్' అంది. 'సటిల్' అనాలి. ఎదురుగా ఉన్నవాళ్లలో ఒకాయన నవ్వాడు. మాట అర్థం ఆమెకు తెలుసు, వాక్యంలో సరిగ్గానే వాడింది. కాని ఆ తర్వాత అడిగినవాటికి జవాబులు తెలిసీ నోరు విప్పలేదు. ఉద్యోగం రాలేదు. నా దగ్గరికొచ్చి, "పలకని బి రాయడం దేనికి సార్?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు 'బి' లేకుండానే వచ్చింది. లాటిన్ మూలం కనబడాలని తర్వాత పండితులు రాతలో దాన్ని చేర్చారు. అప్పు అనే అర్థమిచ్చే 'డెట్'లో 'బి' కూడా అలాంటిదే. 'నైట్' అనే వీరుడి ముందున్న 'కె' కథ ఇందుకు తిరగబడింది: దాన్ని ఒకప్పుడు పలికేవారు. కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడుతూ వచ్చాయి. నాలుక మాత్రం ఆగలేదు. ముఖ్యంగా దీర్ఘాచ్చుల పలుకు బాగా మారిపోయింది.

తెలుగులో ఎలా రాస్తే అలా చదువుతామని మనకు గర్వం. సరే. తుంగచాపలో 'చా', విల్లు అనే అర్థంలో చాపంలో 'చా' ఒకటేనా? పలికి చూడండి. రాతలో తేడా చూపడం మనమూ ఎప్పుడో మానేశాం.

ఆ అమ్మాయికి నేను చెప్పింది చిన్న సంగతే. ఫోనులో నిఘంటువు తెరిచి, మాట పక్కనున్న స్పీకరు బొమ్మ నొక్కి, రెండుసార్లు విని, మూడోసారి పైకి అనమన్నాను. రోజుకు ఐదు మాటలు. ఇంకో చోట ఉద్యోగం వచ్చింది.

సంఘంవారికి ఒక మనవి. ఈ ఏడాది నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు పఠన పోటీ పెట్టండి. పాఠం ముందు రోజే ఇచ్చి, ఇంట్లో విని రమ్మనండి. యాసకు మార్కులు వద్దు. తప్పు పలికితే న్యాయనిర్ణేత సరిచేసి మళ్లీ చదివించాలి, మార్కు రెండోసారి చదివినదానికి. మొదటి ఏడాది బహుమతి పుస్తకాల ఖర్చు నాది.