పడ్డ ఎదకు పిలుపు మెదడులోనే
(భవానీపురం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మూడేండ్లు నిండినా పడ్డ ఎదకు రాలేదని మీలో పలువురు అడుగుతున్నారు. లోపమంతా గర్భసంచిలోనే ఉన్నదనుకొని దానిని కబేళాకు అమ్మివేయకండి. ఎదకు తొలి పిలుపు మెదడులో పుడుతుంది. అక్కడ గ్లూటమేటు, ఆస్పార్టేటు అనే ఎమినో ఆమ్లాలు హైపోథాలమస్‌లోని నాడీకణాలను ప్రేరేపిస్తాయి. ఆ కణాలు విడిచే హార్మోను పీయూష గ్రంథిని తట్టిలేపుతుంది. ఆ గ్రంథినుండి వచ్చే ఎల్.హెచ్. అండాశయాన్ని పనిలో పెడుతుంది. 1989లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, ఈడు రాని మగ కోతులకు ఇట్టి ప్రేరకాన్ని పదేపదే ఎక్కించగా ఈ వ్యవస్థ ముందుగానే మేల్కొన్నది. అంటే గ్రంథులు చిన్ననాడే సిద్ధంగా ఉంటాయి, పిలుపే ఆలస్యం.

అట్లని గ్లూటమేటు పొట్లాలు కొని మేపకండి. అందులో చాలా భాగం పెద్దపొట్టలోని సూక్ష్మజీవుల పాలవుతుంది. రక్తంలో చేరినది కూడా మెదడులోనికి సులువుగా పోదు.

ఒంట్లో నిలువ చాలినంత ఉన్నప్పుడే మెదడు ఆ పిలుపు ఇస్తుంది. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. మన డెల్టాలో వరికోతకు ముందు చల్లుకొనే పిల్లిపెసర, జనుము ఉన్నవి కదా! పూతదశలో కోసి గడ్డిలో కలిపి మేపండి. ఈనిన గేదెకు పెట్టి పడ్డను మరచిపోవడం మనకు అలవాటు.

గేదె ఎద ఆవు ఎదవలె అరచి చెప్పదు; తెల్లవారుజామున గమనించండి. పెద్ద గేదె బరువులో సుమారు 60 పాళ్ళు వచ్చినా ఎద కనబడకుంటే పశువైద్యునికి చూపించండి.