తీరమునకు చేరవలసిన మాట

కొన్ని ఏండ్ల క్రిందట మైపాడు ఒడ్డున వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుడు, నేను రేడియోవాడనని తెలిసికొని నన్ను నిలదీసినాడు. "సామీ, వేటకు పోవద్దని చెప్తారు, సరే. ఎన్నాళ్లు పోవద్దు? నిన్ననే లోపలికి పోయినోళ్లు ఏం జెయ్యాల?"

నాకు సమాధానము తోచలేదు. "మత్స్యకారులు వేటకు పోరాదని హెచ్చరించడమైనది" అను వాక్యమును నేనెన్ని మారులు చదివితినో లెక్కలేదు. అందు పోరాదని యున్నది గాని తిరిగి రమ్మని లేదు, గడువు లేదు, హెచ్చరించినదెవరో కూడ లేదు. వ్యాకరణదోషము మాత్రము లేదు!

శ్రోతలారా, ఇట్టి వాక్యములను చక్కదిద్దుటయే వృత్తిగా గలవారు నేడున్నారు. వారిని కంటెంట్ డిజైనరులందురు. 2012లో బ్రిటిషు ప్రభుత్వము తన శాఖల వెబ్‌సైట్లను 'గవ్.యుకె' అను ఒకే గూటికి చేర్చనారంభించిన పిదప ఈ పేరు వ్యాప్తిలోనికి వచ్చినది. నేనేమి చెప్పవలెనని రచయిత యోచించును. చదువువాడు ఏ పనికై వచ్చినాడని వీరు విచారింతురు. వాక్యముకంటె పట్టిక మేలనిపించినచో వాక్యమును నిర్దయగా కొట్టివేయుదురు. రచయితలకిది కష్టము, నాకును కష్టముగనే తోచినది.

మన రాష్ట్రమున 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా 161 సేవలతో 'మన మిత్ర' ప్రారంభమైనది. కార్యాలయపు కిటికీవద్ద అర్థము కానిచో గుమాస్తాను మరల అడుగవచ్చును. అరచేతిలోని అద్దముపై కనబడు వాక్యము మన మొగము చూచి మాట మార్చుకొనదు. మొదటి మాటయే సరిగా నుండవలెను.

నెల్లూరు తీరమున ఈ పని మరింత సూక్ష్మమైనది. 1999లో ఏర్పడిన, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహములు చూపు సముద్రపు పైనీటి వెచ్చదనమును, పచ్చదనమును బట్టి చేపలు గుమిగూడు అవకాశమున్న తావులను గుర్తించి తెలుగులో కూడ తెలుపుచున్నది. ఏ రేవునుండి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరమున, ఎన్ని మీటర్ల లోతున అని అందుండును. శాస్త్రము నిర్దుష్టమే. అయితే పాతకాలపు పల్లెకారు లోతును బారలలో కొలుచును. 40 మీటర్లనగా సుమారు 22 బారలు. ఆ లెక్క వేయవలసినవాడు ఒడ్డున కూర్చున్న వ్రాతగాడా, ఊగు పడవలోనివాడా? వ్రాతగాడే యని నా అభిప్రాయము. పైగా ఈ తీరపు పట్టపువారిలో పలువురి ఇంటి మాటలో అరవపు పోలికలుండును. మన కార్యాలయపు తెలుగు వారికి మరియొక మెట్టు దూరము.

అన్నిటికంటె చిక్కైనది రేవులలో ఎగురవేయు తుపాను సూచికల వరుస. అవి 1 నుండి 11 వరకుండును. అంకె పెరిగిన కొలది అపాయము పెరుగునని ఎల్లరును తలంతురు. నిజమునకు 5, 6, 7 తెలుపునది ఒకే స్థాయి అపాయము. తుపాను పోవు త్రోవకు రేవు ఎడమనుండునా, కుడినుండునా, లేక తుపాను రేవు మీదుగనో చేరువనో సాగునా అనునదే భేదము. తీవ్రమైన తుపానుకు 8, 9, 10 అంకెలలో ఇదే క్రమము. 11 అనగా వార్తాసంబంధములు తెగినవని. ఓడ నడుపువానికి ఈ భేదము ప్రాణప్రదము. గుడిసెలోనివానికి మాత్రము "5 పోయి 6 వచ్చినది" అను వార్తవలన కలుగునది వట్టి భయము. ఇల్లు విడువవలెనా, ఎప్పుడు విడువవలెను, ఏ బడికి పోవలెను? అతనికి కావలసినవి ఇవి. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపానును చూచినవారికి ఈ ప్రశ్నల విలువ నేను చెప్పనక్కరలేదు.

నా పాత వాక్యమును మార్చి వ్రాసికొని మరల మైపాడు పోయితిని. ఆ వృద్ధునికి చదివి వినిపించితిని: "గురువారము సాయంత్రము వరకు వేటకు పోవద్దు. సముద్రములో ఉన్నవారు వెంటనే దగ్గరి రేవుకు రండి. బుధవారము రాత్రినుండి గాలి ముదురును."

అతడు తల యూపినాడు. క్షణమాగి, "గాలి ఏ పక్కనించి సామీ?" అన్నాడు.

నేను మరల కాగితము తీసితిని.