సముద్రం పక్కన అడవి



మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అడవి అంటే కొండే గుర్తొస్తుంది. ఎండాకాలం ఆకు రాలుతుంది. వాన పడితే చిగురేస్తుంది. ఉప్పునీళ్లలో నిలబడి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవిని చూశారా? దాన్ని మడ అడవి అంటారు. కాకినాడ దగ్గర కోరింగలో ఉంది. కుప్పం మీదుగా పోయే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ చేరవచ్చు. అక్కడి నుంచి కోరింగ దగ్గరే.

గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఈ అడవి పెరిగింది. 1978లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యం చేసింది. అంటే చెట్టు కొట్టరాదు, జంతువును చంపరాదు. లోపలంతా బురద. అందుకే చూడవచ్చేవాళ్లకు చెక్కబాట వేశారు. దానిమీద నడుస్తూ కిందికి చూడండి. మేకులు గుచ్చినట్టు వేర్లు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కదా! ఆ వేర్లతోనే చెట్టు ఊపిరి పీలుస్తుంది. తాగిన ఉప్పును తెల్లమడ ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఇంకోరకం చెట్టుకు గింజ కొమ్మమీదే మొలకెత్తుతుంది. కాన్పు పుట్టింట్లో చేసుకున్నట్టే! తిల్లచెట్టు జోలికి మాత్రం పోవద్దు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

సముద్రం పొంగితే ఈ చెట్లే అలల జోరు తగ్గిస్తాయి. అలాగని అన్నీ ఆపలేవు. 1839 తుపానులో కోరింగ రేవే పాడైపోయింది. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ముంచింది. అయినా ఊరికీ సముద్రానికీ నడుమ చెట్లుంటే ఆ దెబ్బ కొంత తగ్గుతుంది.

మరి ఇలాంటి చెట్లను ఎందుకు కొట్టారు? పొయ్యిలోకి కట్టెలు కావాలి. కట్టెల మోపు బరువు మీకు చెప్పాలా! రొయ్యల చెరువుల కోసం మరికొన్ని పోయాయి. కొట్టినచోట నేల గుంట పడింది. ఉప్పునీళ్లు అక్కడే నిలిచి ఇగిరిపోయాయి. ఉప్పు ముదిరి మొక్క బతకలేదు.

1990ల చివర్లో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఊరివాళ్లతో కలిసి ఆ గుంటల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. సముద్రం పొంగినప్పుడు నీళ్లు లోపలికి వస్తాయి. తగ్గినప్పుడు వెనక్కి పోతాయి. రోజూ వచ్చిపోయే ఆ నీళ్లతో ఉప్పు తగ్గింది. నాటిన మొక్కలు నిలబడ్డాయి.