సౌండ్ కోసం కామ్ మార్చొద్దు: పాత షెవెల్ 350కి ఏ కామ్‌షాఫ్ట్ సరిపోతుంది?

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది. అయినా చివరిదాకా వినండి, ఇందులో డబ్బుల సంగతి ఉంది, బ్రేకుల సంగతి కూడా ఉంది.

టెక్సాస్‌లో ఉంటున్న మన తెలుగు తమ్ముడు ఒకడు మెసేజ్ పెట్టాడు. 1972 మోడల్ షెవర్లే షెవెల్ కొన్నాడట. 350 ఇంజన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ రేషియో 2.73 అని అమ్మినాయన చెప్పాడట. నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్, డ్యూయల్ ప్లేన్ మ్యానిఫోల్డ్, హెడర్స్, రెండు సైలెన్సర్లు ముందే వేసి ఉన్నాయి. ఇంజన్ లోపల మాత్రం అంతా కంపెనీదే. "అన్నా, పెద్ద కామ్ ఒకటి వేస్తే ఆ మజిల్ కార్ సౌండ్ వస్తుంది కదా, ఏది వేయమంటావ్?" ఇదీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తా తమ్ముడూ. నువ్వు మనసులో అనుకున్న కామ్ కంటే రెండు సైజులు చిన్నది తీసుకో. ఎందుకో ఇప్పుడు మాట్లాడుకుందాం.

350 అనగానే మనవాళ్ళకి బుల్లెట్ గుర్తొస్తుంది. ఇది 350 సీసీ కాదండి బాబూ, 350 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.7 లీటర్లు! ఎనిమిది సిలిండర్లు. కానీ పాత బుల్లెట్‌తో ఒక చుట్టరికం ఉంది, రెండూ పుష్‌రాడ్ ఇంజన్లే. ఈ వీ8లో కామ్‌షాఫ్ట్ ఒక్కటే. బ్లాక్ మధ్యలో, క్రాంక్ పైన ఉంటుంది. దాని మీద గుడ్డు ఆకారంలో 16 లోబ్‌లు ఉంటాయి. ఒక్కో లోబ్ ఒక్కో లిఫ్టర్‌ని, అది పుష్‌రాడ్‌ని, అది రాకర్‌ని తోస్తే వాల్వ్ తెరుచుకుంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. వాల్వ్ ఎప్పుడు తెరవాలి, ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది మొత్తం ఆ లోబ్ ఆకారమే నిర్ణయిస్తుంది.

ఇప్పుడు అందరూ పిచ్చెక్కిపోయే ఆ సౌండ్. రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి మొత్తం ఊగుతూ గుడ్... గుడుగుడు... గుడ్ అంటుంది చూశారా? అది పవర్ సౌండ్ అనుకుంటారు. నిజానికి అది ఇంజన్ సరిగ్గా మండకపోవడం. పెద్ద కామ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుని, రెండూ కాసేపు కలిసి తెరిచి ఉంటాయి. దీన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. ఐడ్లింగ్‌లో కాలిన పొగ వెనక్కి ఇన్‌టేక్‌లోకి పోతుంది, కొత్త పెట్రోల్ గాలి పలచబడుతుంది, ఒక దెబ్బ గట్టిగా మండితే ఇంకో దెబ్బ నీరసంగా మండుతుంది. అదీ ఆ తాళం. 5000 ఆర్‌పీఎం పైన అదే ఓవర్‌ల్యాప్ ఇంజన్‌కి ఊపిరి పోస్తుంది, కాదనను. కానీ రోడ్డు మీద రోజూ 5000లో ఎవరు నడుపుతారు చెప్పండి?

సరే, నంబర్లు చూద్దాం. కామ్ డబ్బా మీద రకరకాల డ్యూరేషన్లు రాసి ఉంటాయి. పెద్ద అక్షరాల్లో ఉండే 262, 268 లాంటివి అడ్వర్టైజ్డ్ నంబర్లు. లిఫ్టర్ ఎంత లేచాక లెక్క మొదలుపెట్టాలో కంపెనీని బట్టి మారుతుంది, అందుకే వాటితో రెండు కంపెనీల కామ్‌లని పోల్చకూడదు. లిఫ్టర్ 0.050 అంగుళం లేచిన దగ్గర్నుంచి కొలిచిన డ్యూరేషన్ ఒకటి ఉంటుంది. పోలిస్తే దానితోనే పోల్చండి.

ఆ లెక్కలో 1969 కమారోలో 300 హార్స్‌పవర్ 350కి కంపెనీ ఇచ్చిన కామ్ 195/202 డిగ్రీలు, మొదటిది ఇన్‌టేక్, రెండోది ఎగ్జాస్ట్. చాలా నెమ్మదైన కామ్. అదే కాలంలో కమారో జడ్ 28లో 302 ఇంజన్‌కి 30-30 అనే కామ్ వేశారు. అది 254 డిగ్రీలు! వాల్వ్ క్లియరెన్స్ రెండు వైపులా 0.030 అంగుళం కాబట్టి ఆ పేరు వచ్చింది. చాలామంది ఈ నంబర్ చూసి "కంపెనీయే 254 వేస్తే నేను 230 వేస్తే తప్పేంటి?" అంటారు. కానీ ఆ కారులో ఇంకేం ఉన్నాయో చూడండి. కంప్రెషన్ 11, నాలుగు గేర్ల మాన్యువల్ మాత్రమే, ఆటోమేటిక్ ఇవ్వనే లేదు, వెనక 3.73 రేషియో. ట్రాన్స్-యామ్ రేసుల్లో పాల్గొనడానికి అర్హత కోసం తయారుచేసిన బండి అది. కామ్‌కి తగ్గట్టు మిగతావన్నీ కూర్చారు.

మన తమ్ముడి షెవెల్ దగ్గరికి వద్దాం. 1971 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ తక్కువ ఆక్టేన్ పెట్రోల్‌తో నడవాలని ఇంజన్ల కంప్రెషన్ తగ్గించేసింది. ఈ 350లో అది 8.5. ఇక్కడే అసలు చిక్కు. డ్యూరేషన్ పెరిగితే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టినా వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుంది, లోపలికి వచ్చిన గాలి కొంత వెనక్కి పోతుంది. అసలే 8.5, అందులో కొంత చేజేతులా వదిలేస్తున్నాం. కింద పికప్ చచ్చిపోతుంది. తమ్ముడు పెద్ద కామ్ వేస్తే సిగ్నల్ దగ్గర శబ్దం అదిరిపోతుంది, గ్రీన్ పడగానే పక్కన ఫ్యామిలీ కారు ముందు వెళ్ళిపోతుంది.

పైగా 2.73 యాక్సిల్. 26 అంగుళాల టైరుతో గంటకి 60 మైళ్ళ దగ్గర ఇంజన్ దాదాపు 2100 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. ఒక పెద్ద కామ్ 2500 తర్వాతే మేల్కొంటుంది అనుకోండి, హైవే మీద కూడా అది నిద్రలోనే ఉంటుంది. యాక్సిల్ 3.55కి మారిస్తే అదే 60 మైళ్ళకి 2750 వస్తుంది. కంపెనీ టార్క్ కన్వర్టర్ కూడా తక్కువ స్టాల్‌ది, సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో పెట్టి బ్రేక్ తొక్కితే పెద్ద కామ్ ఇంజన్ ఆగిపోవాలని చూస్తుంది. అప్పుడు 2400 స్టాల్ కన్వర్టర్ కావాలి. కామ్, లిఫ్టర్లు కొన్ని వందల డాలర్లలో వస్తాయి. దాని వెనకాల కన్వర్టర్, యాక్సిల్ గేర్లు, వాల్వ్ స్ప్రింగులు క్యూ కడతాయి. బిల్లు అక్కడ పేలుతుంది.

ఇక బ్రేకులు. ఇది మాత్రం సీరియస్‌గా వినండి. పవర్ బ్రేక్ బూస్టర్ ఇంజన్ వ్యాక్యూమ్ మీదే పనిచేస్తుంది. మంచి కండిషన్‌లో ఉన్న కంపెనీ ఇంజన్ ఐడ్లింగ్‌లో 18 అంగుళాల మెర్క్యురీ దాకా వ్యాక్యూమ్ ఇస్తుంది. ఓవర్‌ల్యాప్ పెరిగితే అది 10కి పడిపోవచ్చు. ఒకసారి బ్రేక్ తొక్కితే పడుతుంది, పార్కింగ్‌లో వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అంత బరువున్న కారు, పక్కన పిల్లలు నడుస్తుంటారు... 15కి తగ్గకుండా చూసుకోండి. తగ్గితే వ్యాక్యూమ్ పంపు పెట్టాలి, లేదా బ్రేకులే మార్చాలి. సౌండ్ కోసం ఇంత రిస్క్ నాకైతే నచ్చదు.

మరి ఏది వేయాలి? ఇప్పుడున్నట్టే, 2.73 యాక్సిల్, కంపెనీ కన్వర్టర్‌తోనే నడపాలంటే, 204/214 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ 112. ఎడెల్‌బ్రాక్ పెర్‌ఫార్మర్ కామ్ సరిగ్గా ఈ కొలతల్లోనే ఉంటుంది, లిఫ్ట్ 0.420, 0.442 అంగుళాలు. సౌండ్ కొంచెమే మారుతుంది, పికప్ మాత్రం కాలు పెట్టగానే తెలుస్తుంది. ముందు ముందు 3.55, కొత్త కన్వర్టర్ గ్యారంటీగా వేస్తానంటే 214/224 దాకా వెళ్ళొచ్చు. కాంప్ కామ్స్ వాళ్ళ ఎక్స్‌ఈ 268 అందరి నోళ్ళలో నానే కామ్, అది 224/230, సెపరేషన్ 110. మంచి కామే. కంప్రెషన్ తొమ్మిదిన్నర ఉన్న ఇంజన్‌కి వేసుకుంటే అందం. 8.5కి వద్దు.

ఇంకోటి, పాత హెడ్స్‌లో లిఫ్ట్ 0.450 దాటితే స్ప్రింగ్ కాయిల్స్ ఒకదానికొకటి తగులుతున్నాయా, రిటైనర్ గైడ్‌కి తగులుతోందా అని కొలిచి తీరాలి. ఆ హెడ్స్‌లో రాకర్ స్టడ్‌లు నొక్కి దించినవి, మరల లేవు. గట్టి స్ప్రింగులు వేస్తే అవి పైకి ఊడి రావచ్చు.

బిగించాక మొదటి అరగంటే కామ్ జీవితం. ఇవి ఫ్లాట్ ట్యాపెట్ కామ్‌లు, లోబ్ మీద లిఫ్టర్ రుద్దుకుంటూ తిరుగుతుంది. కొత్త కామ్‌కి కొత్త లిఫ్టర్లే, పాతవి కడిగి వేసే తెలివితేటలు వద్దు. లోబ్‌లకి అసెంబ్లీ పేస్ట్ దట్టంగా పూయండి. జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి. క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఇప్పటి కార్ల ఆయిళ్ళలో జింక్ తగ్గించారు, అవి ఈ పనికి చాలవు. స్టార్ట్ అవగానే ఐడ్లింగ్‌లో వదలకుండా 2000 నుంచి 2500 మధ్య ఆర్‌పీఎం అటూ ఇటూ మారుస్తూ 20, 30 నిమిషాలు నడపాలి. అందుకే సెల్ఫ్ కొట్టేముందే టైమింగ్, కార్బురేటర్‌లో పెట్రోల్, రేడియేటర్‌లో నీళ్ళు అన్నీ రెడీగా ఉండాలి. పది నిమిషాలు సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే లోబ్ అరిగిపోతుంది, ఆ ఇనుప పొడి ఆయిల్‌తో కలిసి బేరింగుల్లోకి పోతుంది.

తమ్ముడూ, ఆర్డర్ పెట్టకముందు నాకు మూడు నంబర్లు పంపు. ఒకటి, వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్ గేజ్ ఎంత చూపిస్తోంది. రెండు, ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ టెస్ట్ రీడింగులు. ఇంజన్ అరిగిపోయి ఉంటే కామ్ సంగతి తర్వాత చూద్దాం. మూడు, అసలు యాక్సిల్ రేషియో. అమ్మినాయన మాట నమ్మొద్దు. ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక ఒక్క చక్రం లేపి, స్టాండ్ మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు. మామూలు డిఫరెన్షియల్ అయితే, కింద డ్రైవ్‌షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. రెండుముప్పావు దగ్గర ఆగిందా, మూడున్నర దాటిందా, మెసేజ్‌లో రాయి.