కాలేజీ ఫీజు, పొదుపు సొమ్ము, పన్ను రిటర్ను
(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ మీడియం టీచరుని. పిల్లలకు హిసాబ్ చెప్పుకునేవాణ్ణే గాని వకీలును కాను, ఆడిటరును అంతకన్నా కాను. తెలుగులో ఎక్కడైనా తడబడితే మన్నించాలి. కార్యదర్శిగారు ఈ విషయం నన్నే చెప్పమన్నారంటే, ఇందులో దెబ్బ తిన్నవాణ్ణి నేనే గనుక.

మా పెద్దమ్మాయి ఇంజనీరింగులో చేరిన ఏడు కాలేజీవారు 1,10,000 రూపాయలకు ఒకే రసీదు ఇచ్చారు. నేను ఆ మొత్తాన్నీ రిటర్నులో ట్యూషన్ ఫీజు అని రాసేశాను. తీరా విడదీసి చూస్తే ట్యూషన్ 62,000. తక్కినది బస్సు, హాస్టలు, బిల్డింగు ఫండు. చట్టం ఒప్పుకునేది ట్యూషన్ ఫీజు ఒక్కటే. మళ్లీ రిటర్ను వేసి, తేడా పన్ను, వడ్డీ, ఆ రెంటి మీద 25 శాతం అదనంగా కట్టాను. నాది తెలియని తప్పు. కానీ "రిఫండు తెప్పిస్తాం, మాకు ఇంత ఇవ్వండి" అనే ఏజెంట్లు లేని రసీదులు రాస్తారు. అలా దొంగలెక్క చూపితే ఎగవేసిన పన్నుకు రెండింతలు జరిమానా పడొచ్చు. అది కట్టవలసింది మనమే, ఏజెంటు కాదు.

ఈ ఫీజు మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. పి.ఎఫ్., ఎల్.ఐ.సి. అన్నీ కలిపి 1,50,000 దాకా. చదువు మన దేశంలో, ఫుల్‌టైం అయి ఉండాలి. ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లల వరకే. నలుగురు పిల్లలుండి, తల్లీ సంపాదిస్తుంటే, తండ్రి ఇద్దరికి, తల్లి ఇద్దరికి, ఎవరు కట్టిన ఫీజు వారు చూపుకోవచ్చు. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటు ఇచ్చిన మేరకు మనం కట్టినట్టు రాయకూడదు. 1961 చట్టంలో ఇది 80సి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త చట్టంలో 123. నెంబరు మారింది గాని సంగతి అదే. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా జీతగాళ్లకు పన్నే పడదు గనుక, చాలామందికి ఈ తంటానే లేదు.

ఇక పొదుపు సొమ్ము. నాకు బాధ కలిగించిన సంగతి ఇదే. మాతో పనిచేసే ఒక భాయ్ సాబ్, సి.పి.ఎస్. డబ్బు తీస్తే ఆదాయం కింద లెక్క కట్టి పన్ను వేస్తారని ఎవరో అంటే భయపడి, బేటీ ఫీజుకు భార్య గాజులు కుదువబెట్టారు. ఆ భయం అక్కరలేదు. మూడేళ్లు నిండాక, పిల్లల పైచదువుకు, మనం వేసుకున్న వాటాలో 25 శాతం దాకా తీసుకోవచ్చు. దాని మీద పన్ను లేదు, ఏ విధానమైనా సరే. ప్రభుత్వ వాటా ఇందులో లెక్కకు రాదు. పి.పి.ఎఫ్. నుంచి తీసినదానికీ పన్ను లేదు. ప్రైవేటు ఉద్యోగుల పి.ఎఫ్. అయితే ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండిందా లేదా చూసుకోవాలి. నిండకముందే మొత్తం తీసేస్తే పన్ను పడుతుంది. పన్ను లేదని రాయడం మానకండి. రిటర్నులో పన్ను లేని ఆదాయానికి వేరే గడి ఉంది, అక్కడ చూపండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసినా అసలు ఆదాయం కాదు. వడ్డీ మాత్రం ఏటా ఆదాయమే. మనలో చాలామంది బ్యాంకు వడ్డీని ముట్టక పేదలకు ఇచ్చేస్తారు. ఇవ్వండి, కాని రిటర్నులో రాయండి. బ్యాంకు ఎలాగూ పన్ను శాఖకు తెలియజేస్తుంది.

రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయించుకోవడం ఆడ్మిషన్ రోజునే సులువు. తర్వాత గుమస్తా చుట్టూ తిరగాలి. ఎవరికైనా అనుమానముంటే రసీదులు, పాసుపుస్తకం పట్టుకుని ఆదివారం అస్ర్ తరువాత సొసైటీ గదికి రండి, నేను అక్కడే ఉంటాను.