ముఖం తెల్లబరచడమే ఎడిటింగా?
(పేట యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేం ఈ పనిలో పండితులం కాము. మూడు నెలల కిందట మౌసు పట్టుకోవడం కూడా సరిగ్గా రానోళ్లం. పేటలో చావొచ్చినా, పెళ్లొచ్చినా, ఏప్రిల్ 14 వచ్చినా ఫ్లెక్సీ కోసం టౌనుకు పోవడం, స్టూడియోవాడు ఏం చేసిస్తే అది పట్టుకురావడం, ఇదే మన అలవాటు. మన ముఖాలు మనమే ఎందుకు చేసుకోకూడదని ఐదుగురం ఒక పాత కంప్యూటరు ముందు కూర్చున్నాం.

ఫోటోషాప్‌కు నెలనెలా అద్దె కట్టాలి. అంత స్తోమత మనకెక్కడిది? గింప్ పెట్టుకున్నాం. 1995లో అమెరికాలో బర్క్‌లీ విద్యార్థులిద్దరు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. పైసా కట్టక్కర్లేదు, కాపీ చేసి పదిమందికి పంచొచ్చు.

మొదటి పనే బోల్తా కొట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి.

మాలో ఒకతను చనిపోయిన వాళ్లమ్మ ఫోటో తెచ్చాడు. ఆమెకున్నది ఆ ఒక్క ఫోటోనే. మడతలు పడి, చెమ్మ మరకలెక్కి ఉంది. క్లోన్ టూల్ అప్పుడే నేర్చుకున్నాం. కంట్రోల్ నొక్కి బాగున్నచోట క్లిక్ చేస్తే, అక్కడి రంగును తెచ్చి పాడైనచోట అద్దుతుంది. ఇంకేం, ఉత్సాహంగా మరకలన్నీ తుడిచేశాం. కర్వ్స్ పైకి లాగి ముఖాన్ని నిగనిగలాడించాం. అదే ఫైలు మీద సేవ్ కొట్టేశాం.

కొడుకు చాలాసేపు చూశాడు. "ఈమె ఎవురన్నా?" అన్నాడు.

మేం మరకలనుకుని తుడిచినవాటిలో ఆమె నుదుటి పచ్చబొట్టు ఉంది. పొలాల్లో ఎండకు కాగిన ఆమె రంగు లేదు. తెల్లబరచమని మాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. స్టూడియోవాణ్ణి తిట్టుకున్న మేమే, మౌసు చేతికి రాగానే వాడి పనే చేశాం!

ఇది మన ఒక్క ఊరి రోగం కాదు. కలర్ ఫిల్ము రోజుల్లో కోడక్ కంపెనీ ల్యాబులకు ఒక తెల్లామె ఫోటో పంపేది. షర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె ఒళ్లు సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ల ముఖాలు చీకట్లో కలిసిపోయినా చాలాకాలం ఎవరికీ పట్టలేదు. చాక్లెట్ కంపెనీలు, చెక్కసామాను వ్యాపారులు తమ సరుకు గోధుమరంగు సరిగ్గా రావడం లేదని గోలపెట్టాక గానీ ఫిల్ము మారే దారి పడలేదు. మనిషి కంటే బల్ల రంగు ముఖ్యమైంది, చూశారా!

అదృష్టం, కాగితం ఫోటో ఉంది. మళ్లీ స్కాన్ చేశాం, ఈసారి 600 చుక్కల దగ్గర. రెండంగుళాల ఫోటోకు 1200 చుక్కలొస్తాయి, అంగుళానికి 300 లెక్కన నాలుగంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. అసలు లేయర్‌ను ముట్టుకోలేదు. దాన్ని డూప్లికేట్ చేసి పై పొర మీదే పనిచేశాం. తప్పు జరిగితే ఆ పొర తీసేస్తే చాలు, కింద అమ్మ అలాగే ఉంటుంది. పొరలు నిలవాలంటే ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేయాలి, జేపెగ్‌లో అన్నీ కలిసిపోతాయి. ఏది మరక, ఏది పచ్చబొట్టు అని కొడుకునూ, పక్కింటి ముసలమ్మనూ కూర్చోబెట్టి అడిగాం. ఒక్క ఫోటోకు నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఇంకొక్క మాట. మన నీలం రంగుతో జాగ్రత్త. తెరమీద వెలిగే నీలం ప్రెస్ సిరాలో అలా రాదు, ఊదాకు తిరుగుతుంది. ముందు చిన్న ముక్క ప్రింటు తీయించి చూడండి.

ఆదివారం నుంచి పాత ఫోటోలు తీసుకురండి. ఫోనులో తీసి పంపొద్దు, కాగితమే కావాలి. తడిగుడ్డతో తుడవొద్దు. అద్దానికి అంటుకుపోతే ఊడబెరకొద్దు, పటంతో సహా తెండి. ఆ మనిషిని ఎరిగినవాళ్లను ఒకరిని వెంటబెట్టుకు రండి.