చివరి పెట్టె దాటేదాకా
(స్వర్ణోత్సవ సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక నేను ఏం చేస్తున్నానో చెప్పమన్నారు. బొమ్మ రైలుతో ఆడుకుంటున్నాను. ఈ బల్ల మీద ఉన్నది అదే. హెచ్.ఓ. స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఆ కొలత విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజికి అతుకుతుంది. మన బ్రాడ్ గేజి 1676 కాబట్టి లెక్క ప్రకారం 19 దాటాలి. పట్టాలు కొనుక్కునేవాడిని, సర్దుకున్నాను.

బండిని గుండ్రంగా తిప్పడం ఎవరైనా చేస్తారు. బండి వస్తుంటే గేటు తనంతట తనే పడాలి, వెళ్లాక తనే లేవాలి. నన్ను మూడేళ్లు తిప్పింది ఇదే.

మొదట రీడ్ స్విచ్చి పెట్టాను. చిన్న గాజు గొట్టంలో రెండు సన్నని రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరికొస్తే అతుక్కుంటాయి. ఇంజను కింద అయస్కాంతం అంటించి, గేటుకు అటొకటి ఇటొకటి స్విచ్చులు పెట్టాను. మొదటి స్విచ్చి దాటితే గేటు పడుతుంది, రెండోది దాటితే లేస్తుంది. చవక, సులువు. కానీ దానికి తెలిసేది ఇంజను ఒక్కటే. పెట్టెలు ఇంకా రోడ్డు మీదుండగానే గేటు లేచేది. రెండో స్విచ్చిని బండి పొడవంత దూరం జరిపాను. పని అయిపోయిందనుకున్నాను.

వేసవి సెలవుల్లో మనవడు వచ్చాడు. ఒకరోజు కొక్కెం ఊడి వెనక రెండు పెట్టెలు సరిగ్గా రోడ్డు మీదే నిలిచిపోయాయి. ఇంజను మాత్రం ముందుకెళ్లి రెండో స్విచ్చిని తాకింది. గేటు లేచింది. వాడు తన లారీని తోశాడు, పెట్టెలు పడిపోయాయి. నేను కసిరితే, "గేటు తీశారు కదా తాతయ్యా!" అన్నాడు.

వాడు అన్నది నిజమే. నాకు మా నాన్న గుర్తొచ్చారు.

మన బడికి వచ్చే దారిలో ఉన్న గేటు దగ్గర మా నాన్న గేట్‌మ్యాన్ అని ఇక్కడ చాలామందికి తెలుసు. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు, ఒక ఉదయం గూడ్సు బండి వెళ్లిపోయినా ఆయన గేటు తీయలేదు. అవతల మనవాళ్లు పాతిక మంది, హాల్ టికెట్లు చేతిలో పట్టుకుని ఉన్నారు. సైకిళ్ల గంటలు, తిట్లు. "బండి పోయింది కదయ్యా" అని పెద్దవాళ్లు కూడా అరిచారు. నేనూ ఆ గుంపులోనే ఉన్నాను. సిగ్గుతో తల దించుకున్నాను, ఆయన కొడుకునని ఎవరూ అనకూడదని.

ఆయన ఎర్ర జెండా పట్టుకుని ఒకటే మాట అన్నారు: "చివరి పెట్టె రాలేదు." బండి చివర ఉండాల్సిన ఎల్.వి. బోర్డు ఆయనకు కనబడలేదు. కొక్కెం తెగి వెనక సగం బండి మలుపు అవతల ఆగిపోయిందని తరువాత తెలిసింది. ఆ రోజు పరీక్షకు ఆలస్యంగా వెళ్లాం. లోపలికి రానిచ్చిన మాస్టారు ఈ సభలోనే ఉన్నారు.

అందుకని మనవడు వెళ్లాక రీడ్ స్విచ్చిలు పీకేశాను. పట్టాలకు అడ్డంగా ఇన్‌ఫ్రారెడ్ కిరణం పెట్టి చూశాను. పెట్టెకీ పెట్టెకీ మధ్య సందులోంచి కిరణం దూరి, గేటు కోడి తలలా ఊగింది. కిరణాన్ని ఏటవాలుగా పంపితే ఆ సందు కనపడదు, అది పనిచేసింది. కానీ కిరణం ఒక్క చోటునే చూస్తుంది. దాన్ని దాటి ఆగిన పెట్టె సంగతి దానికి తెలియదు.

చివరికి అసలు రైల్వే చేసే పనికే వచ్చాను. గేటుకు రెండు వైపులా కొంత మేర పట్టాను వేరే ముక్కగా విడదీశాను. ఆ ముక్కలో ఏ చక్రాలున్నా కరెంటు పారుతుంది, పారుతున్నంతసేపూ గేటు మూసే ఉంటుంది. పెట్టెల చక్రాలు కరెంటు తీసుకోవు కాబట్టి, ఒక్కో పెట్టె ఇరుసుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు అంటించాను. 12 వోల్టులకు ఒక మిల్లీ ఆంపియరు పైచిలుకు, పసిగట్టడానికి అది చాలు. ఇంకో చిక్కు: మామూలు కంట్రోలరును సున్నాకు తిప్పితే పట్టాల్లో కరెంటే ఉండదు, ఆగిన బండి మాయమైపోతుంది. అందుకే పట్టాల్లో ఎప్పుడూ వోల్టేజీ ఉండే డి.సి.సి. పద్ధతికి మారాను.

ఒక లోపం మిగిలింది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు తీసుకున్న ట్రాక్ సర్క్యూట్‌లో బండి లేనప్పుడే రిలేకు కరెంటు అందుతుంది. చక్రాలు వచ్చినా, తీగ తెగినా రిలే పడిపోతుంది, సిగ్నలు ఎరుపవుతుంది. నాది తలకిందులు. తీగ తెగితే నా గేటు తెరుచుకుంటుంది. నిన్న రాత్రి దాకా దాంతోనే కుస్తీ పట్టాను. ఫిజిక్సు మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు. టీ విరామంలో ఆయన్ను ఈ బల్ల దగ్గరికి పిలుచుకొస్తాను.